పోస్టాఫీసు ఆర్‌డీ: నెల జీతం ఇంటికి ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పేస్తున్నా, పోస్టాఫీసు ఐదేళ్ల ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్, అంటే నెలనెలా కొంత కట్టి గడువు తీరాక వడ్డీతో కలిపి తీసుకునేది) డబ్బును రెట్టింపు చేసే పథకం కాదు. ఎవరైనా అలా చెప్పి కట్టిస్తుంటే నమ్మకండి. కానీ ఒకటో తారీఖున వచ్చిన జీతం ఇరవయ్యో తారీఖుకల్లా అయిపోయే ఇంట్లో, "ఈ నెల కుదర్లేదు, వచ్చే నెల నుంచి దాద్దాం" అని ఏళ్ల తరబడి అనుకునే ఇంట్లో పొదుపు అలవాటు కావాలంటే నాకు తెలిసి ఇంతకన్నా సులువైనది లేదు. మేం 2020లో తెరిచిన ఖాతా 2025లో పూర్తయి డబ్బు చేతికొచ్చింది, వెంటనే మళ్లీ కొత్తవి తెరిచాం. ఒకసారి మొదటినుంచి చివరిదాకా నడిపి చూసినదాన్ని కాబట్టి బాగున్నదేంటో, బాగోలేనిదేంటో వివరంగా రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం పథకం సంగతి. నెలకు కనీసం 100 రూపాయలు, ఆపైన పదేసి రూపాయల లెక్కన ఎంతైనా పెట్టుకోవచ్చు, గరిష్ఠ పరిమితి లేదు. మొత్తం 60 వాయిదాలు. వడ్డీ ఏడాదికి 6.7 శాతం, మూడు నెలలకోసారి అసలులో కలుస్తుంది. ఈ రేటు 2023 అక్టోబరులో వచ్చింది. చిన్న మొత్తాల పొదుపు పథకాల వడ్డీల్ని కేంద్రం మూడు నెలలకోసారి చూసుకుంటుంది, కాబట్టి తెరిచే రోజు ఎంత ఉందో కౌంటర్లో అడిగి తెరవండి. తెరిచాక మాత్రం ఐదేళ్లూ అదే రేటు. మధ్యలో తగ్గించినా మనకు తగ్గదు, పెంచినా పెరగదు. మా పాత ఖాతా తెరిచినప్పుడు వడ్డీ 5.8 శాతం. 2023లో కొత్తగా తెరిచేవాళ్లకు 6.2, 6.5, 6.7 అని పెంచుకుంటూ పోయారు, మాది మాత్రం చివరిదాకా 5.8 దగ్గరే ఉండిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, నిబంధనే అంత. ఇప్పుడు తెరిచేవాళ్లకు ఇదే నిబంధన మేలు చేయొచ్చు, ఎందుకంటే 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) తగ్గించుకుంటూ వచ్చేసరికి బ్యాంకులు డిపాజిట్ల మీద వడ్డీలు తగ్గించాయి.

మేం నెలకు 2,000 కట్టాం. ఐదేళ్లలో కట్టింది 1,20,000, చేతికొచ్చింది 1,39,000 పైచిలుకు. ఇప్పటి 6.7 శాతం లెక్కన అయితే నెలకు 1,000 కడితే చివర్లో దాదాపు 71,366 వస్తుంది, 2,000కి 1,42,700 చిల్లర, 5,000కి 3,56,830 దాకా. మాకొచ్చిన ఆ 19 వేల వడ్డీని చూసి మా ఆయన "ఐదేళ్లకి ఇంతేనా" అన్నారు. నిజమే, ఐదేళ్లలో నూనె, పప్పులు, స్కూలు ఫీజులు పెరిగిన తీరు చూస్తే ఆ వడ్డీలో చాలావరకు ధరలే మింగేశాయి. నా దృష్టిలో అక్కడ చూడాల్సింది వడ్డీ కాదు, అసలు. లక్షా ఇరవై వేలు మా ఇంట్లో ఒకచోట నిలబడటం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. అప్పు తెచ్చింది కాదు, బంగారం తాకట్టు పెట్టింది కాదు, మా సొంత డబ్బు.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఖర్చులు తగ్గించుకోమని అందరూ చెబుతారు. లైట్లు ఆపండి, బయట తినకండి, ఆఫర్లు చూసి కొనకండి. అన్నీ మంచి మాటలే. కానీ తగ్గించాక మిగిలిన ఆ డబ్బు ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పరు. కరెంటు బిల్లులో మూడొందలు తగ్గిందనుకోండి, ఆ మూడొందలు బ్యాంకు ఖాతాలో మిగతా డబ్బుతోపాటే ఉంటుంది, దాని మీద పేరేం రాసి ఉండదు, వారం తిరక్కుండా ఫోన్‌పే నుంచి టిఫిన్లకో పిల్లల చిరుతిళ్లకో వెళ్లిపోతుంది. ఖర్చు తగ్గినట్టే ఉంటుంది, చేతిలో మాత్రం ఏమీ మిగలదు. ఆ తగ్గించిన డబ్బుకి ఒక తారీఖు, ఒక పాస్‌బుక్కు ఉంటేనే అది పొదుపు అవుతుంది. ఈ ఆర్‌డీ గొప్పతనం నాకు అక్కడే కనిపించింది.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇది. ఏదైనా ఖర్చు తగ్గించగలిగామంటే ఆ తగ్గుదల వరుసగా రెండు మూడు నెలలు నిలబడుతుందా అని చూస్తాం. నిలబడితే దాన్ని లెక్కలో రాస్తాం. అలా రాసినవన్నీ కలిపి 500కి చేరగానే 500 రూపాయలతో కొత్త ఆర్‌డీ తెరుస్తాం. లెక్క రాసేది గోడ క్యాలెండర్ మీదే, పాలవాడికి ఏ రోజు అరలీటరు, ఏ రోజు లీటరు అని వేసుకుంటాం కదా, ఆ గడుల కింద నెల చివరన ఖాళీ ఉంటుంది, అక్కడ. వేరే పుస్తకం పెడితే పదో తారీఖు తర్వాత ఎవరూ తెరవరు. క్యాలెండర్ అయితే రోజూ కళ్లబడుతుంది, అత్తయ్య కూడా చూస్తారు.

కరెంటు సంగతి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే చాలామంది దీన్ని తేలిగ్గా తీసిపారేస్తారు. మాది తెనాలి, ఎండాకాలం ఫ్యాను ఆపే ప్రశ్నే లేదు. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాను 30 వాట్ల దగ్గర. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకి నెలకు 20 యూనిట్ల తేడా. రెండు గదుల్లో మార్చాం కాబట్టి 40 యూనిట్లు. ఇప్పుడు స్లాబులు చూడండి: ఏపీలో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 8.75. మన బిల్లు 270 యూనిట్లు అనుకుంటే మిగిలిన 40 యూనిట్లూ పైనున్న ఖరీదైన స్లాబులోంచే తగ్గుతాయి. అంటే 350 రూపాయలు, సర్దుబాటు ఛార్జీలు కాక. 150 యూనిట్లు కాల్చే ఇంటికి ఇంత లాభం ఉండదు. ఫ్యాను ఖరీదు రెండున్నర వేల నుంచి మూడు వేలు, కాబట్టి రెండు ఫ్యాన్ల డబ్బు వెనక్కి రావడానికి ఏడాదిన్నర, చలికాలం కూడా లెక్కేస్తే రెండేళ్లకు పైనే పడుతుంది. పాత ఫ్యాను పాడైనప్పుడు మార్చడం తెలివైన పని, బాగా తిరుగుతున్నదాన్ని పీకి పారేయాల్సిన పని లేదు. మాకు రెండూ శబ్దం చేస్తుంటే మార్చాం.

ఫోన్ రీఛార్జి గురించి ఒక్కమాట. 28 రోజుల ప్లాన్ అంటే నెలకు ఒకటి కాదు, ఏడాదికి 13 సార్లు. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ఏడాదికి నాలుగు రీఛార్జీలు మన లెక్కలోకి రాకుండానే అదనంగా పోతున్నాయి. ఎక్కువ రోజుల ప్లాన్ తీసుకుంటే రోజుకు ఎంత పడుతుందో భాగించి చూసుకోండి. ఇంట్లోనే ఉండే పెద్దవాళ్ల ఫోనుకి రోజుకు రెండు జీబీ అక్కర్లేదు, వైఫై ఉన్న ఇంట్లో అసలే అక్కర్లేదు. అత్తయ్య ఫోనుకి మాటలకి సరిపడే ప్లాన్ వేశాం, ఆవిడకి తేడా కూడా తెలియలేదు.

వంటింట్లో పెద్దగా మిగిలింది మిరపకాయలు, చింతపండు, కందిపప్పు దగ్గర. కొత్త పంట వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు ఏడాదికి సరిపడా కొనేస్తాం. గుంటూరు మిర్చి యార్డు మాకు దగ్గరే, అయినా యార్డుకే పోనక్కర్లేదు, తొడిమ తీయని కాయ ఊళ్లోనే చౌకగా దొరుకుతుంది. మిద్దె మీద దుప్పటి పరిచి రెండెండలు ఆరబెట్టి, తొడిమలు తుంచి, ధనియాలు వేయించి కలిపి మిల్లులో పట్టిస్తే ఆ కారం ఎరుపు, ఘాటు ప్యాకెట్‌లో రావు. ఉప్పు కాస్త కలిపి జాడీలో గట్టిగా అదిమి పెడితే పురుగు పట్టదు అని అత్తయ్య చెప్పారు, ఇప్పటిదాకా పట్టలేదు. చింతపండు అయితే గింజతో ఉన్నది కొని సాయంత్రాలు అందరం కూర్చుని గింజ తీస్తాం. ఇదంతా చాకిరీయే, ఉద్యోగం చేసే ఆడవాళ్లకు కుదరకపోవచ్చు, కుదరనివాళ్లు ఏదో పొదుపు చేయలేకపోతున్నామని బాధపడాల్సిన పని లేదు. ఒక్క కారం మాత్రం పట్టించుకుని చూడండి.

కూరగాయలు రైతు బజారులో. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పటి నుంచీ అక్కడ ఆ రోజు ధరల బోర్డు పెడతారు. లోపలికి వెళ్లేముందు ఆ బోర్డు ఫోటో తీసుకోవడం మా అమ్మాయి పని. బేరమాడాల్సిన అవసరం లేకుండా బోర్డు ధరకే అడుగుతాం. బండి మీద ఇంటి ముందుకొచ్చేవాళ్ల దగ్గర కూడా కొంటాం, ఆకుకూరలు, కొత్తిమీర, వాళ్లూ బతకాలి కదా. వారం మొత్తానికి నిలవుండే దొండ, బెండ, ఉల్లి, బంగాళాదుంప మాత్రం ఒకేసారి తెచ్చుకుంటాం. యాప్‌లో ఆర్డర్ పెట్టి తెప్పించుకునే భోజనం నెలకు ఒక్కసారికి తగ్గించాం. బిర్యానీ ఖరీదు కన్నా దాని కింద వరసగా ఉండే డెలివరీ, ప్యాకింగ్, ప్లాట్‌ఫామ్ ఛార్జీలు కలిపితే వచ్చే మొత్తం చూడండి, హోటల్‌కి వెళ్లి కూర్చుని తింటే ఆ డబ్బుతో ఇంకో ప్లేటు వస్తుంది.

ఇలా మిగిలినవే ఆర్‌డీలోకి వెళ్తాయి. ఇప్పుడు ఆర్‌డీ నిబంధనల దగ్గరికి వస్తే, వీటిలో కొన్ని తెలియకుండా తెరిస్తే ఇబ్బంది పడతారు.

మొదటిది తారీఖు. నెలలో 15వ తేదీలోపు ఖాతా తెరిస్తే ప్రతి నెలా 15 లోపు కట్టాలి. 16 తర్వాత తెరిస్తే నెలాఖరు పని దినం లోపు. ఒకటో తారీఖు జీతమైతే కచ్చితంగా మొదటి పక్షంలోనే తెరవండి. నెలాఖరు గడువు పెట్టుకుంటే డబ్బు అప్పటిదాకా ఇంట్లో ఉండాలి, ఇంట్లో ఉన్న డబ్బు నిలవదు. జీతం వచ్చిన రెండు మూడు రోజుల్లో ముందు ఆర్‌డీ, తర్వాత అద్దె, తర్వాతే మిగతావన్నీ. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా ఉంటే అందులోంచి నెలనెలా తానే కట్ అయ్యేలా రాసివ్వొచ్చు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ యాప్‌లోంచి కూడా వాయిదా కట్టుకోవచ్చు, దీనివల్ల ప్రతి నెలా కౌంటర్ దగ్గరికి వెళ్లే పని తప్పింది.

కట్టలేకపోతే నెలకు 100 రూపాయలకి ఒక రూపాయి చొప్పున ఆలస్య రుసుము. వెయ్యి రూపాయల ఆర్‌డీ అయితే 10 రూపాయలు, అదేం పెద్ద భారం కాదు. కానీ నాలుగు వాయిదాలు ఎగ్గొడితే ఖాతా ఆగిపోతుంది. నాలుగోది తప్పిన దగ్గర్నుంచి రెండు నెలల్లోపు బకాయిలు కట్టి మళ్లీ నడిపించుకోవచ్చు, ఆ గడువు కూడా దాటితే ఇక అందులో కట్టడానికి ఉండదు.

ఇక అన్నిటికన్నా గట్టి నిబంధన, మూడేళ్లు నిండేదాకా మూసే వీల్లేదు. మూడేళ్ల తర్వాత మూయొచ్చు, కానీ గడువుకి ఒక్కరోజు ముందు మూసినా 6.7 రాదు, సేవింగ్స్ ఖాతా వడ్డీ ఇస్తారు, అది 4 శాతం. నాలుగున్నరేళ్లు ఓపికగా కట్టి ఆఖర్లో అవసరం పడి మూస్తే మొత్తం కాలానికీ 4 శాతమే అంటే కడుపు రగులుతుంది. నాకు ఈ పథకంలో నచ్చని నిబంధన ఇదొక్కటే. రెండేళ్ల తర్వాత, మూడేళ్ల తర్వాత అని మెట్లు పెట్టి వడ్డీ ఇచ్చి ఉంటే పేద ఇళ్లకు న్యాయంగా ఉండేది. ఎందుకంటే మధ్యలో మూయాల్సి వచ్చేది ఎక్కువగా వాళ్లకే.

దీనికి విరుగుడు ఒకటుంది, ఈ మొత్తం రాసేది ముఖ్యంగా దీని కోసమే: ఒకే పెద్ద ఆర్‌డీ తెరవకండి. నెలకు 2,000 కట్టగలిగితే 500వి నాలుగు తెరవండి. ఎన్ని ఖాతాలైనా తెరవొచ్చు. వడ్డీ అంతే వస్తుంది, ఒక్క రూపాయి తేడా ఉండదు. మూడేళ్లు దాటాక ఎప్పుడైనా అవసరం పడితే ఒకటి మూసుకుంటే సరిపోతుంది, మిగతా మూడింటికీ పూర్తి వడ్డీ అలాగే ఉంటుంది. చేతులు మరీ ఇరుకైన నెలల్లో ఒకదాన్ని ఆపి మూడు నడిపించొచ్చు. ఇంకాస్త ఓపికుంటే నాలుగూ ఒకేసారి కాకుండా ఏడాదికొకటి తెరుచుకుంటూ వెళ్లండి. మొదటిది ఐదేళ్లకి చేతికొచ్చాక ఆపైన ఏటా ఒకటి చేతికొస్తూ ఉంటుంది. మా కొత్త ఖాతాలు కూడా ఇలా చిన్నచిన్నవిగా విడగొట్టే పెట్టాం. నాలుగు పాస్‌బుక్కులు చూసుకోవడం చికాకే, వాటిని రబ్బరు బ్యాండు వేసి రేషన్ కార్డు ఉన్న కవర్లోనే పెట్టాం.

మూయకుండా డబ్బు కావాలంటే అప్పు దొరుకుతుంది. ఏడాది నిండి 12 వాయిదాలు కట్టి ఉంటే ఖాతాలో ఉన్నదాంట్లో సగం దాకా ఇస్తారు. వడ్డీ ఆర్‌డీ రేటుకి పైన 2 శాతం, అంటే ఇప్పుడైతే 8.7. ఒకేసారి తీర్చొచ్చు, నెలవారీగానూ తీర్చొచ్చు, తీర్చకపోతే చివర్లో మినహాయించుకుంటారు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోండి, నూటికి నెలకు రెండు అంటే ఏడాదికి 24 శాతం. ఆర్‌డీ చేతిలో ఉంచుకుని బయట అప్పు తేవడం అనవసరం.

ముందుగా కట్టేవాళ్లకు రాయితీ ఉందని చాలామందికి తెలియదు. ఆరు వాయిదాలు ఒకేసారి ముందే కడితే 100 రూపాయల ఆర్‌డీకి 10 రూపాయలు, పన్నెండు ముందే కడితే 40 రూపాయలు తగ్గిస్తారు. వెయ్యి రూపాయల ఆర్‌డీ అయితే ఏడాదివి ఒకేసారి కడితే 400 తగ్గుతుంది, చివర్లో వచ్చే మొత్తం మాత్రం అంతే. పంట డబ్బు చేతికొచ్చినప్పుడో, బోనస్ పడినప్పుడో, నెలనెలా రాని ఆదాయం ఉన్న ఇళ్లకి ఇది చక్కగా సరిపోతుంది. కౌంటర్లో మనం అడిగితేనే చెబుతారు, అడగండి.

ఏజెంట్ల విషయం. ఇంటికొచ్చి వసూలు చేసే ఆడవాళ్లు ఉంటారు, మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన కింద వాళ్లకు అనుమతి ఉంటుంది. వాళ్ల కమిషన్ 4 శాతం ప్రభుత్వమే ఇస్తుంది, మన దగ్గర్నుంచి పైసా తీసుకోకూడదు. మా పాత ఖాతా మొత్తం అలా ఒక అక్క ద్వారానే నడిచింది. ఐదో తారీఖు దాటితే "ఏమ్మా, ఈ నెల మర్చిపోయారా" అని గుమ్మంలో నిలబడేవారు. ఆవిడ రావడం వల్లే కరోనా నెలల్లో కూడా వాయిదా తప్పలేదంటే నమ్మండి. యాప్‌లో రిమైండర్ వస్తే వేలితో పక్కకి నెట్టేస్తాం, గుమ్మంలో నిలబడ్డ మనిషికి "లేదు" అని చెప్పడం కష్టం. అయితే డబ్బు ఇచ్చిన ప్రతిసారీ వాళ్ల దగ్గరుండే కార్డులో మొత్తం, తేదీ రాయించి సంతకం పెట్టించుకోండి, అప్పుడప్పుడూ పాస్‌బుక్కు తెప్పించుకుని అందులో పడ్డ వాయిదాలు కార్డుతో సరిపోయాయో లేదో చూసుకోండి. మనిషి ఎంత మంచివారైనా సరే, ఇది అనుమానం కాదు, లెక్క.

దీన్ని మిగతావాటితో పోల్చకుండా ఉండలేం, మన ఊళ్లలో ఆర్‌డీ అనగానే "అదే డబ్బు చీటీ వేస్తే" అనే మాట వస్తుంది. చీటీ మంచిదే, అవసరానికి ముందే పాడుకోవచ్చు అనేది దాని బలం, ఆర్‌డీకి అది లేదు. కానీ రిజిస్టరైన చీటీలో కూడా నడిపేవాళ్ల కమిషన్ ఉంటుంది, 2019లో చట్టం సవరించి దాన్ని 5 నుంచి 7 శాతం దాకా పెంచారు. ముందే పాడుకుంటే మనం వదులుకునేది కూడా లెక్కేసుకోవాలి. ఇక వీధిలో నోటిమాట మీద నడిచే చీటీలకు ఏ రక్షణా లేదు. మా వీధిలో అలాంటిదొకటి ఆగిపోయి, ఆఖర్లో పాడుకుందామని ఊరుకున్నవాళ్ల డబ్బే మునిగింది, అంటే దాచుకుందామని వేసినవాళ్లదే. చీటీ వేయాలనుకుంటే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైందా అని చూసి వేయండి.

నగల షాపుల్లో 11 నెలల స్కీములు బంగారం కొనే ఉద్దేశం గట్టిగా ఉన్నవాళ్లకే, డబ్బుగా తిరిగి రాదు, చివర్లో తరుగు, మజూరీ ఎంత వేస్తారో ముందే అడగాలి. బ్యాంకు ఆర్‌డీ ఏడాదికి కూడా దొరుకుతుంది, జూన్‌లో కట్టే స్కూలు ఫీజు లాంటి వాటికి అదే సరైనది, ఐదేళ్ల పోస్టాఫీసు ఆర్‌డీ కాదు. మేం ఫీజు కోసం బ్యాంకులో వేరే పెట్టాం. కాకపోతే బ్యాంకు ఆర్‌డీని ఫోన్లోంచే రెండు నొక్కుల్లో మూసేయొచ్చు, ఆ సౌకర్యమే అలవాటు పడాల్సినవాళ్లకి చేటు. పోస్టాఫీసులో మూడేళ్ల దాకా మూయలేకపోవడం ఒకవైపు లోపమే, ఇంకోవైపు అదే మమ్మల్ని కాపాడింది కూడా. పండక్కి టీవీ మారుద్దామని మా ఆయన అన్నప్పుడు నేనేం వాదించలేదు, పాస్‌బుక్కు తీసి చూపించా, తీసే వీల్లేదు కదా అని ఆయనే ఊరుకున్నారు.

కూతురుంటే, పదేళ్లు దాటకపోతే, ముందు ఆడపిల్లల కోసం ఉన్న సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి, దాని వడ్డీ 8.2 శాతం, ఏడాదికి 250తో కూడా నడుస్తుంది, పన్ను కూడా పడదు. ఆర్‌డీ వడ్డీకి పన్ను లెక్క ఉంది, పొదుపు మీద ఆదాయపు పన్నులో ఇచ్చే 80సీ మినహాయింపు కూడా ఆర్‌డీకి రాదు. ఎక్కువ జీతం ఉండి పన్ను కట్టేవాళ్లకి ఆర్‌డీ అంత లాభం కాదు. పదిహేనేళ్ల తర్వాతి అవసరాలకు దాచేవాళ్లు కూడా ఇదొక్కటే నమ్ముకోకూడదు, పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) చూడండి, ఒడుదొడుకులు తట్టుకోగలిగితే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత పెట్టే సిప్ చూడండి. చేతిలో రెండు మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా లేనివాళ్లు ముందు అది సేవింగ్స్ ఖాతాలో పోగుచేసుకుని తర్వాత ఆర్‌డీకి రండి, లేకపోతే మొదటి జ్వరానికే వాయిదా తప్పుతుంది. నెల మీద 18, 20 వేలతో ఇల్లు నడిపేవాళ్లకి, ఇళ్లల్లో పని చేసుకునేవాళ్లకి, చిన్న కొట్టు నడుపుకునేవాళ్లకి, మొదటి ఉద్యోగంలో చేరిన పిల్లలకి మాత్రం నేను వెనకాడకుండా తెరవమని చెబుతా. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడకి 200తో తెరిపించాం. ఖాతా ఆవిడ పేరు మీదే, పాస్‌బుక్కు ఆవిడ దగ్గరే.

తెరవడానికి వెళ్లేటప్పుడు ఆధార్, పాన్ జిరాక్సులు, రెండు ఫోటోలు పట్టుకెళ్లండి, ఆధార్‌కి లింకైన ఫోను కూడా దగ్గర ఉంచుకోండి. ఒక్కరి పేరు మీద తెరవొచ్చు, ముగ్గురి దాకా పెద్దవాళ్లు కలిసి జాయింటుగా తెరవొచ్చు, పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరు మీదే తెరవొచ్చు. ఫారంలో నామినీ గడి ఖాళీగా వదలొద్దు, అక్కడే నింపి పాస్‌బుక్కులో ఎక్కిందో లేదో చూసుకునే బయటికి రండి. ఐదేళ్లయ్యాక తీసుకోవాలనిపించకపోతే దరఖాస్తు ఇచ్చి ఇంకో ఐదేళ్లు అదే రేటుకి పొడిగించుకోవచ్చు. మా 5.8 శాతం ఖాతాని పొడిగించలేదు, తీసేసి 6.7కి కొత్తవి తెరిచాం. రేపు మీది పూర్తయ్యేసరికి కొత్త రేటు తక్కువగా ఉంటే పొడిగించుకోండి, ఎక్కువగా ఉంటే తీసి కొత్తది తెరవండి.